లెక్కకు వచ్చునది మనిషియా, బిళ్ళయా?

2014లో 'క్వాంటమ్ ఆఫ్ ది సీస్' అను విహారనౌకలో ప్రయాణికుల మణికట్టుకు ఒక పట్టీ వచ్చినది. దానిని చూపిన గది తలుపు తెరచుకొనును, కొన్న వస్తువుల వెల ఖాతాలో పడును. 2017లో 'రీగల్ ప్రిన్సెస్' నౌకలో నాణెమంత బిళ్ళ వచ్చినది. వీనిని మెచ్చుకొనువారు సౌకర్యమునే పొగడుచున్నారు. కాని నీటిమీది ప్రయాణములో మొదట తెలియవలసినది, పడవలో ఎందరున్నారన్నది.

కొల్లాపూర్ వారికి ఈ ప్రశ్న క్రొత్తది కాదు. 2007లో ఆ ప్రాంతమున కృష్ణలో పడవ మునిగి పలువురు మరణించినారు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద లాంచీ మునిగినప్పుడు, అందులో ఎందరు ఎక్కినారో తేలుటకే రోజులు పట్టినది. సోమశిల నుండి శ్రీశైలము పోవు లాంచీలో ఇట్టి పట్టీలు పెట్టినచో ఆ లెక్క తేలునా?

సామాన్యమైన పట్టీలో బ్యాటరీ ఉండదు. ఒక సిలికాన్ తునక, సన్నని తీగచుట్ట మాత్రమే ఉండును. చదువు యంత్రము నుండి వెలువడు 13.56 మెగాహెర్ట్జ్ అయస్కాంత క్షేత్రము తీగచుట్టలో విద్యుత్తును ప్రేరేపించును. 1831లో ఫారడే కనుగొన్న సూత్రమే ఇది. ఆ విద్యుత్తుతో తునక తన సంఖ్యను తెలుపును. అయితే ఇది కొద్ది అంగుళముల దూరములోనే సాధ్యము. దూరమునుండి చదువుటకు, కార్ల అద్దమునకు అంటించు ఫాస్టాగ్ వలె 865–867 మెగాహెర్ట్జ్ తరంగములు వాడవచ్చును. గాజుగుండా సులభముగా పోవు ఆ తరంగములను, అధికభాగము నీరే అయిన మనిషి దేహము పీల్చుకొనును. క్రిక్కిరిసిన లాంచీలో ఒకరి చాటున మరొకరి బిళ్ళ యంత్రమునకు అందకపోవచ్చును.

అంతకంటె పెద్ద లోపము మరొకటి ఉన్నది. యంత్రము లెక్కించునది బిళ్ళను, మనిషిని కాదు. తల్లి ఒడిలోని బిడ్డకు బిళ్ళ ఇయ్యకున్న ఆ బిడ్డ లెక్కలో లేనట్లే. దారిలో ఎక్కినవాడును అంతే.

అంతమాత్రమున ఈ సాధనము వ్యర్థమని కాదు. రేవులో, పలకమీద అడుగుపెట్టుచోటనే, ఒక్కొక్కరు బిళ్ళను యంత్రమునకు ఆనించి ఎక్కినచో అంకె వెంటనే తెలియును. ఆ అంకెను ఒడ్డున కూడ భద్రపరచినచో, లాంచీలోని కాగితపు పట్టిక వలె అది నీటిపాలు కాదు. అయినను బిళ్ళలేనివారిని ఎక్కనీయకుండుట, పరిమితి నిండగనే పలక తీయించుట రేవులోని ఉద్యోగి చేయవలసిన పని. అతడు ఆ పని చేయనిచో, యంత్రము చూపు అంకెకు విలువ లేదు.