తెడ్డు నిలవాలి, పడవ దాటాలి

కయాక్ పందెం చూసేవారి కళ్లు ముందుగా ఆటగాళ్ల భుజాల మీద పడతాయి. 200 మీటర్ల పరుగులో తెడ్డు నిమిషానికి 150 సార్లకు పైగా నీటిని తాకుతుంటే, జరిగేదంతా చేతుల పనే అనిపిస్తుంది. అందుకే కొత్తగా నేర్చుకునేవారు మోచేయి మడిచి నీటిని బలంగా వెనక్కి లాగుతారు. నీళ్లు చిమ్ముతాయి, చేతులు పీకుతాయి, పడవ మాత్రం అనుకున్నంత దూరం పోదు. గోదావరిలో గెడ వేసే పడవవాళ్లను గమనిస్తే ఎక్కడ తప్పుతున్నామో తెలుస్తుంది. గెడకర్ర అడుగున ఇసుకలో దిగి అక్కడే ఉండిపోతుంది, పడవ దాన్ని దాటుకుని ముందుకు పోతుంది. కయాక్ తెడ్డుకు అంత గట్టి నేల దొరకదు, జారిపోయే నీరే ఆధారం. ఆ నీటిలోనే తెడ్డును వీలైనంత నిలకడగా ఉంచి, పడవను దాని పక్కనుంచి దాటించాలి. ఈ పనిలో పెద్ద వాటా పాదాలదీ నడుముదీ. చేతులు ఆ బలాన్ని తెడ్డుకు అందిస్తాయి, అంతే.

ఒంటినీ పడవనూ ఒకటి చేయాలన్న ఆలోచన ఈ పడవతోనే పుట్టింది. ఆర్కిటిక్ తీరాల ఇన్యూట్ వేటగాళ్లు సముద్రం కొట్టుకొచ్చిన కలపతో చట్రం కట్టి, సీలు తోలు కప్పి, ఎవరి ఒంటి కొలతకు వారు కయాక్ చేసుకునేవారు. గ్రీన్‌లాండ్ కయాక్‌లో కూర్చున్నవాడి తొడలు పైనున్న అడ్డకర్రకు ఆనుకుని బిగిసేవి. వాళ్ల సన్నని తెడ్డు గాలికి అంతగా చిక్కదు, గంటల తరబడి వేసినా భుజాలను అలసట పెట్టదు. దూర ప్రయాణానికి, వేటకు ఇప్పటికీ దానికి సాటి వచ్చేవి తక్కువ. కానీ 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో కయాక్ పతక క్రీడ అయ్యాక నిమిషాల్లో ముగిసే పరుగు వేరే తెడ్డును కోరింది. 1980ల నడుమ స్వీడన్‌లో రూపుదిద్దుకున్న వింగ్ తెడ్డు ఆ కోరిక తీర్చింది. చదును బ్లేడును నేరుగా వెనక్కి లాగితే నీరు అంచుల చుట్టూ సుడి తిరిగి తెడ్డు జారుతుంది. ఒంపు తిరిగిన వింగ్ బ్లేడు పడవకు దూరంగా, ఏటవాలుగా పక్కకు సాగుతుంది. అప్పుడు దాని ఒంపు మీదుగా పారే నీరు పుట్టించే బలమే బ్లేడును వెనక్కి జారనివ్వకుండా పట్టి ఉంచుతుంది.

కుడివైపు వేసే ఒక్క తెడ్డును విడదీసి చూద్దాం. నడుము తిరిగి కుడి భుజం ముందుకు వచ్చి ఉంటుంది, కుడి మోకాలు మడిచి ఉంటుంది. బ్లేడు పాదాల దగ్గర, పడవ పక్కను ఆనుకున్నంత దగ్గరగా నీటిలో దిగాలి. అది పూర్తిగా మునిగేదాకా బలం పెట్టకూడదు. ఎక్కువమంది పొరపడేది ఈ ఒక్క క్షణంలోనే. సగం మునిగిన బ్లేడును లాగితే గాలి కూడా లోపలికి పోయి నీరు బుడగలెత్తుతుంది. పట్టు దొరకని ఆ తెడ్డును తర్వాత ఎంత బలమూ బాగుచేయలేదు. బ్లేడు మునిగాక కుడి పాదం ఎదుటి పలకను తన్నాలి. మోకాలు సాగుతుంది, కుడి తుంటి వెనక్కి జరుగుతుంది, చుట్టుకుని ఉన్న నడుము విప్పుకుంటుంది. ఎడమ పాదం దాని మీదున్న పట్టీని తనవైపు లాగుతుంది. ఇంతసేపూ కుడి చేయి దాదాపు చాచినట్టే ఉంటుంది. కంటి ఎత్తున ఉన్న ఎడమ చేయి కిందికి నొక్కదు, భుజంతో పాటు ముందుకు సాగుతుంది. బ్లేడు తుంటి దగ్గరికి రాగానే బయటికి తీయాలి. ఇంకా లాగితే అది నీటిని పైకెత్తుతుంది, పడవ వెనుక భాగం కిందికి కుంగి వేగం తగ్గుతుంది.

నడుము వాటా ఎంతో టోక్యో పారాలింపిక్స్ చూపించింది. ఒకే జలాశయం, పురుషుల 200 మీటర్లు. నడుము కండరాలు పనిచేయని, చేతుల మీదే ఆధారపడే కె.ఎల్.1 తరగతి విజేతకు 45 సెకన్ల పైన పట్టింది. నడుము కొంత పనిచేసే కె.ఎల్.2 విజేతకు 41 సెకన్ల పైన, నడుము బాగా పనిచేస్తూ కాళ్లు కొంత సహకరించే కె.ఎల్.3 విజేతకు 40 సెకన్ల పైన పట్టింది. ఆటగాళ్లు వేరు, గాలి మారుతుంది కనుక తేడా మొత్తాన్ని నడుము లెక్కలో వేయలేం. అయినా ఒలింపిక్స్ స్థాయిలో సెకనులో పదో వంతుకే పతకాలు మారతాయి, నాలుగు సెకన్లను కాకతాళీయం అనలేం. 2023 హాంగ్‌జౌ ఆసియా పారా క్రీడల్లో మన ప్రాచీ యాదవ్ స్వర్ణం గెలిచింది ఈ కె.ఎల్.2 తరగతిలోనే.

తెడ్డు వేగం పెంచితే చాలదా అని కొందరు అడుగుతారు. నీటి నిరోధం లెక్క ఇక్కడ కఠినమైనది. వేగం 10 శాతం పెరగాలంటే శక్తి దాదాపు 33 శాతం పెరగాలి. పట్టు లేని తెడ్డును ఎన్నిసార్లు వేసినా ఆ శక్తి నీటిని కలపడానికే ఖర్చవుతుంది. న్యూజిలాండ్ క్రీడాకారిణి లిసా కారింగ్టన్ టోక్యో ఒలింపిక్స్‌లో 200, 500 మీటర్లు రెండూ గెలిచారు. దూరాన్ని బట్టి తెడ్డు వేగం మారుతుంది, గట్టి పట్టు అవసరం మారదు. ఛాంపియన్లందరి తీరూ ఒకేలా ఉండదు కదా అనే అభ్యంతరం న్యాయమైనదే. ఎత్తు, చేతుల పొడవు బట్టి పై చేయి ఎత్తు మారుతుంది, నడుము తిరిగే మేరా మారుతుంది. మరి పాదాల్లోనే లోపం ఉంటే? అమెరికాకు చెందిన గ్రెగ్ బార్టన్ పుట్టుకతోనే వంకర పాదాలవారు. 1988 సియోల్‌లో 1000 మీటర్ల సింగిల్స్‌ను 0.005 సెకన్ల తేడాతో గెలిచి, అదే రోజు డబుల్స్ స్వర్ణం కూడా అందుకున్నారు. కాలి తోపు మడమ నుంచి తొడ మీదుగా తుంటికి చేరుతుంది, చీలమండ ఎంత వంగుతుందన్నది అందులో చిన్న విషయం.

సాధనలో తొందరే పెద్ద శత్రువు. పందెపు సింగిల్ కయాక్ 5.20 మీటర్ల వరకు పొడవు, 12 కిలోల బరువు, బాగా సన్నం. మొదటి నెలల్లోనే అందులో కూర్చోబెడితే పడిపోతామన్న భయంతో ఒళ్లు బిగుసుకుంటుంది, బిగిసిన నడుము తిరగదు. కొంత వెడల్పు పడవలో, నెమ్మదిగా, ప్రతి తెడ్డు తర్వాత ఒక్క క్షణం ఆగి, నడుము తిరిగిందో లేదో చూసుకుంటూ వేయడమే మేలు. శిక్షకులకు ఒక విన్నపం: పిల్లల చేతికి వింగ్ తెడ్డు ఇచ్చేముందు పడవలోని పాదాల పలకను వాళ్ల కాళ్ల పొడవుకు సరిచేయండి.