జగదల్‌పూర్ ఎంత దూరం?

మా మేనల్లుడు ఈ వారం ఫోన్ చూసి, "మామయ్యా, హైదరాబాద్ నుంచి జగదల్‌పూర్ 430 కిలోమీటర్లేనట, విమానంలో గంటంబావు" అన్నాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. మన గడప నుంచి అవతలి గడప దాకా పట్టే గంటలే దూరమని ఈ కాలమ్‌లో ఎన్నోసార్లు పోట్లాడానని పాత పాఠకులకు తెలుసు. ఆ 430 రెండు విమానాశ్రయాల మధ్య మ్యాపు మీద గీసిన గీత. 2020 సెప్టెంబరులో ఏటీఆర్ విమానం మొదలయ్యాక ఆ గీతకు గౌరవం పెరిగింది. కొత్తగూడెం, భద్రాచలం, కుంట, సుక్మా మీదుగా రోడ్డున పోతే మాత్రం 550 దాకా తేలుతుంది.

1323లో ఓరుగల్లు పడిపోయాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఇంచుమించు ఆ దిక్కుకే నడిచాడని బస్తర్ చెప్పుకుంటుంది. దంతేశ్వరి అమ్మవారు వెనకాలే వస్తానందట, తిరిగి చూడొద్దందట. అందెల చప్పుడు వినిపించినంత మేరా రాజ్యమే. ఏటి ఇసుకలో అందెలు కూరుకుపోయి చప్పుడు ఆగింది. ఆయన ఉండబట్టలేక తిరిగి చూశాడు, అమ్మ అక్కడే నిలిచిపోయింది. ఆ ఏరేదన్నది ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెబుతారు. శంఖిని, డంకిని కలిసే చోట దంతెవాడ గుడి మాత్రం నేటికీ ఉంది. ఎంత నడిస్తే అంత రాజ్యం! దూరానికి ఇంతకు మించిన కొలత నాకు ఇంకెక్కడా దొరకలేదు.

విశాఖ వైపు నుంచి చూస్తే గీత 200 కూడా రాదు. రైలు 300 దాటి తిరుగుతుంది. బైలదిలా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు పంపడానికి 1960ల్లో వేసిన లైను అది. సముద్రమట్టం నుంచి బయల్దేరి శిమిలిగూడ దగ్గర 996 మీటర్లు ఎక్కాలి. ఆ వంకరలు కొండ పెట్టినవి, ఎవరినీ తప్పు పట్టలేం.

కుంట దారి సంగతి అలా కాదు. మిరప కోతల కాలంలో సుక్మా పల్లెల నుంచి కూలీలు ఖమ్మం వైపు దిగుతారు. బియ్యం మూట, సత్తు గిన్నెలు, చంకన పిల్లలు. అడవి లోపలి ఊళ్ల వాళ్లకు బస్సెక్కే చోటికి రావడమే ఒక ప్రయాణం. నా గంటల లెక్కన వాళ్ల ఊరు మహా దూరం. ఇక్కడే నా లెక్క నాకు నచ్చడం మానేసింది. రోడ్డు పాడైతే గంటలు పెరుగుతాయి, వాగు మీద వంతెన లేకపోతే ఇంకా పెరుగుతాయి. పెరిగిన గంటలనే దూరమని ఒప్పేసుకుంటే, రోడ్డు వేయాల్సినవాళ్లకు అంతకన్నా హాయి ఏముంది? గీత మాత్రం ఎవరి కోసమూ సాగదు.

అందుకని మేనల్లుడి 430 ఉండాల్సిందే. కుంట రోడ్డు మీద ప్రతి బోర్డుపైనా ఊరి పేరు కింద రెండంకెలూ వేయాలి, గీత ఎంతో, దారి ఎంతో. ఆ తేడాలో కొండ వాటా, ఏటి వాటా ఇంజనీర్లు తేల్చగలరు. మిగిలినదానికి ప్రభుత్వాలు జవాబు చెప్పాలి.