పగిలిన పలక ఎవరి లెక్కలోకి?

మార్కాపురంలో కూర్చుని వ్యాపార చట్టం గురించి రాసేటప్పుడు పలకతో మొదలుపెట్టడమే న్యాయం. ఇక్కడి నేలలో రాయి పొరలు పొరలుగా చీలుతుంది. భూగర్భ శాస్త్రంలో ఆ రాతి వర్గానికి పక్కనున్న మన కంభం పేరే స్థిరపడింది. ఆ రాయిని చీల్చి, కోసి, చెక్క చట్రం బిగించి దేశంలోని బడిపిల్లల చేతుల్లో పెట్టిన ఊరు ఇది. నోటుపుస్తకాలు వచ్చి రాతపలకకు గిరాకీ పడిపోయాక, అదే రాయి గోడలకూ నేలకూ అతికించే డిజైన్ పలకగా మారి ఓడలెక్కుతోంది. రాతపలకైనా డిజైన్ పలకైనా దాని గుణం మాత్రం మారలేదు. పగులుతుంది.

పగిలే సరుకు అమ్ముకునే ఊళ్లో ముందుగా తేలాల్సింది, దారిలో పగిలితే ఆ నష్టం ఎవరి లెక్కలోకి వెళ్తుందనేది. కోర్టు మెట్లు ఎక్కిదిగుతూ నాకు అర్థమైంది ఏమిటంటే, వ్యాపార చట్టంలోని పెద్ద పెద్ద మాటలన్నీ చివరికి ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి. నష్టం ఎవరి గుమ్మంలో దిగుతుంది, ఎప్పుడు దిగుతుంది? ఇది పట్టుకుంటే సగం చట్టం వచ్చినట్టే. మిగతా సగానికి మేం నల్లకోట్లవాళ్లం ఎలాగూ ఉన్నాం.

ఈమధ్య ఒక పలకల యజమానిని ఇదే అడిగాను. "బిల్లు డబ్బులు రాలేదంటే సరుకింకా మాదే గదా సార్. పగిలితే మేమే పోగొట్టుకుంటాం" అన్నాడు. చాలామంది నమ్మకం ఇదే. కానీ 1930 నాటి సరుకుల విక్రయ చట్టం డబ్బు ముట్టిందా అని అడగదు, సరుకు మీద హక్కు ఎప్పుడు మారిందని అడుగుతుంది. వేరే ఒప్పందం ఏదీ లేనప్పుడు, హక్కు మారిన క్షణం నుంచి నష్టభయం కొన్నవాడిదే. అతను రూపాయి ఇవ్వకపోయినా, సరుకు అతని గోడౌనుకు చేరకపోయినా సరే. కొన్నవాడు చెప్పిన రకం, చెప్పినన్ని పలకలు లెక్కపెట్టి వేరుచేసి, పెట్టెలు కట్టి, ఏ షరతూ పెట్టకుండా అతని కోసం లారీకి అప్పగిస్తే మామూలుగా హక్కు మారినట్టే. అయితే రాతిపలకల్ని ఇనుప కడ్డీలు మోసే లారీలో అడ్డదిడ్డంగా పంపేసి చేతులు దులుపుకుంటే కుదరదు. సరుకు స్వభావాన్ని బట్టి రవాణా ఏర్పాటు సక్రమంగా చేయాల్సిన బాధ్యత అమ్మినవాడి మీద ఉంది. ఇక బేరం తెగాలన్న తొందరలో "మీ గోడౌనులో దించే దాకా పూచీ మాదే" అని రాసిచ్చారా, ఇదంతా తలకిందులు. దారిలో ప్రతి గుంతా మీ లెక్కలోదే.

ఎగుమతి చేసేవాళ్ల దగ్గర మరో తమాషా చూశాను. ఎఫ్.ఓ.బి. అంటే ఓడ ఎక్కించే దాకా మన పూచీ అని అందరికీ తెలుసు. సి.ఐ.ఎఫ్. బేరంలో బీమా, ఓడ కిరాయి కూడా మనమే కట్టి సరుకు ఖరీదులో కలుపుతాం. అవతలి రేవు దాకా కిరాయి కట్టింది మనమే కాబట్టి నష్టభయమూ అక్కడిదాకా మనదేనని అనుకుంటారు. నిజానికి అందులోనూ సరుకు ఓడ ఎక్కగానే నష్టభయం కొన్నవాడికి మారుతుంది. కిరాయి ఎవరు కట్టారన్నది ఒక లెక్క, పగిలితే ఎవరిదన్నది వేరే లెక్క. నమూనా పలక పంపి ఆర్డరు తెచ్చుకునేవాళ్లకు ఇంకో చిక్కుంది. మొత్తం సరుకు నమూనాతో సరిపోలాలి, పోల్చి చూసుకునే అవకాశం కొన్నవాడికి ఇవ్వాలి. గని మారితే రంగు మారే రాయి మనది. "సహజ రాయిలో రంగు తేడాలుంటాయి" అన్న ముక్క ఆర్డరు కాగితంలో లేకపోతే, కంటెయినరు మొత్తాన్ని వద్దనే హక్కు అవతలివాడికి మనమే ఇచ్చినట్టు.

పలకల్ని దాటి ఊళ్లోకి వస్తే, అసలు సిసలు వ్యాపార పత్రం ప్రోనోటే. మిరప పెట్టుబడికైనా, ఎరువుల కొట్టు బాకీకైనా, బోరు వేయించడానికైనా, పిల్ల పెళ్లికైనా, గిద్దలూరు నుంచి యర్రగొండపాలెం దాకా డబ్బు కదిలేది ఆ చిన్న కాగితం మీదే. 1881 నాటి చట్టం దానికి పెట్టిన షరతులు కొన్నే. రాతలో ఉండాలి, షరతుల్లేని వాగ్దానం కావాలి, మొత్తం ఇంతని తేలాలి, ఎవరికి ఇవ్వాలో తెలియాలి, రాసిచ్చినవాడు సంతకం చేయాలి. "పంట వస్తే ఇస్తాను" అని రాస్తే అది ప్రోనోటు కాదు, ఎందుకంటే పంట రావడం షరతు. ఈ సీమలో వాన సంగతి తెలిసినవాళ్లు ఆ మాట రాయకపోవడమే మేలు.

అచ్చు ఫారంలో ఒక వాక్యం ఉంటుంది. మీరు కోరినప్పుడు మీకు గాని, మీ అనుమతి పొందినవారికి గాని చెల్లించగలనని. ఎవరూ చదవరు. ఆ "అనుమతి పొందినవారు" ఉండబట్టే, మీరు బావమరిది దగ్గర తీసుకున్న అప్పుకు ముక్కూముఖం తెలియని మనిషి దావా వేయగలడు. నోటు వెనక సంతకం పెట్టి బదిలీ చేస్తే చాలు, మీ బాకీ చేతులు మారుతుంది.

స్టాంపు సంగతి ఇంకా కఠినం. మామూలు దస్తావేజుకు స్టాంపు తక్కువైతే జరిమానా కట్టి కోర్టులో సాక్ష్యంగా పెట్టుకోవచ్చు. ప్రోనోటుకు ఆ దారి కూడా మూసేశారు. రెవెన్యూ స్టాంపు లేకపోతే ఎంత జరిమానా కడతామన్నా అది సాక్ష్యానికి పనికిరాదు. అంటించిన స్టాంపు మళ్లీ వాడటానికి వీల్లేకుండా కొట్టివేయాలి. సంతకం స్టాంపు మీదుగా సాగేలా చేయించేది అందుకే. రూపాయి స్టాంపు లేక లక్షల బాకీ గాలికి పోయిన కాగితాలు ఈ చేతుల్లోంచి వెళ్లాయి.

అప్పు తీసుకునేవాళ్ల వైపు ప్రమాదం ఖాళీ నోటు. స్టాంపు అంటించి, సంతకం చేసి, అంకె రాయకుండా ఇచ్చేస్తారు. "మనోడే గదా సార్, ఎంతని రాస్తాడు?" అంటారు. ఆ ఖాళీని నింపుకునే అధికారం ఇచ్చినట్టుగానే చట్టం మొదట భావిస్తుంది. పైగా ప్రోనోటు ఉందంటే డబ్బు ముట్టే ఉంటుందన్నది కోర్టు మొదటి అంచనా. ముట్టలేదని నిరూపించుకోవాల్సింది సంతకం చేసినవాడే. మనోడు మనోడుగా ఉన్నన్నాళ్లూ ఈ సెక్షన్లతో ఎవరికీ పని పడదు.

ఇచ్చినవాళ్ల వైపు ప్రమాదం క్యాలెండరు. కోరినప్పుడు చెల్లించే నోటుకు, రాసిన తేదీ నుంచి మూడేళ్లు గడువు. మొహమాటంతో అడగకుండా ఊరుకున్నవాడి మీద 1963 నాటి కాలపరిమితి చట్టానికి జాలి లేదు. అప్పు చావదు గానీ దావా చస్తుంది. ఈ గడువును కొత్తగా మొదలుపెట్టించే సాధనం చెల్లు. బాకీదారు కొంత సొమ్ము కట్టినప్పుడు నోటు వెనక ఆ సంగతి రాయిస్తాం చూడండి, అదే. మూడేళ్లు నిండకముందే ఆ సొమ్ము కట్టి ఉండాలి. కట్టినట్టు రాసిన ఆ రాత బాకీదారు చేతిరాతలోనైనా ఉండాలి, కింద అతని సంతకమైనా ఉండాలి. ఐదు వేలు ముట్టినవని అప్పిచ్చినాయనే రాసుకుని తానే సంతకం పెట్టుకున్న చెల్లు నాకు కనిపిస్తూనే ఉంటుంది. దానివల్ల ఆయనకు ఒరిగింది, ఐదు వేలు తగ్గించుకోవడం మాత్రమే.

చెక్కు గురించి పెద్దగా చెప్పను, ఆ పాఠం ఇప్పటికే ఊరంతా డబ్బు పోసి నేర్చుకుంది. చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు చెప్పిన 30 రోజుల్లో నోటీసు, నోటీసు అందాక 15 రోజుల గడువు, అప్పటికీ ఇవ్వకపోతే ఆ తర్వాత నెలలోపు కోర్టులో ఫిర్యాదు. ఇందులో మన వైపు గడువు దాటితే 138 సెక్షన్ కేసుకు గండి పడొచ్చు.

భాగస్వామ్యం మాత్రం నిలబడి చూడాలి. బావాబామ్మర్దులో, క్లాసుమేట్లో కలిసి ఒక గని, ఒక ఫ్యాక్టరీ పెడతారు. వాటాలు నోటిమాటగానే పంచుకుంటారు. రిజిస్ట్రేషన్ చేయించమంటే తప్పనిసరి కాదుగా అంటారు. నిజమే, తప్పనిసరి కాదు. కానీ 1932 నాటి చట్టంలో 69వ సెక్షన్ ఒకటుంది. రిజిస్టరు కాని సంస్థ, ఒప్పందం ప్రకారం తనకు రావాల్సిన బాకీ కోసం బయటివాళ్ల మీద దావా వేయలేదు. బయటివాళ్లు మాత్రం ఆ సంస్థ మీద నిక్షేపంగా వేయొచ్చు. అదే చట్టంలో సంస్థ చేసిన అప్పుకు భాగస్వాములంతా కలిసీ బాధ్యులే, ఎవరికి వారు విడివిడిగానూ మొత్తానికీ బాధ్యులే. పదో వంతు వాటా ఉన్నవాడి పొలం మీదికి మొత్తం బాకీ రావచ్చు. "నేనెప్పుడో బయటికొచ్చేశా సార్" అంటాడు. ఇంట్లోవాళ్లకు చెప్పి బయటికి రావడం వేరు. రిజిస్టరైన సంస్థ అయితే రిజిస్ట్రారుకు తెలిపి, గెజెట్‌లోనూ జిల్లాలో తిరిగే తెలుగు పత్రికలోనూ ప్రకటన వేసే దాకా, తెలియక అప్పిచ్చినవాడి దృష్టిలో అతనింకా లోపలే ఉన్నాడు.

జామీనుదీ అదే దారి. చీటీ పాడుకున్న స్నేహితుడికి జామీను పెట్టేటప్పుడు "వాడు కట్టకపోతే గదా నాదాకా వచ్చేది" అనుకుంటాం. 1872 నాటి ఒప్పందాల చట్టంలో అసలు బాకీదారు బాధ్యత ఎంతో జామీనుదారు బాధ్యతా అంతే. ముందు అతన్ని పూర్తిగా పిండి, రానిదానికే మీ దగ్గరికి రావాలన్న నియమం లేదు. ఉద్యోగం ఉన్నవాడినే జామీనుగా అడగడంలో కిటుకు ఇదే.

అప్పులు మెడదాకా వచ్చాక ఇక్కడ వినపడే మాట ఐపీ, అంటే దివాలా పిటిషన్. ఫలానా ఆయన ఐపీ పెట్టాడట అని టీకొట్టు దగ్గర అనుకుంటుంటే, అప్పిచ్చినవాళ్ల మొహాలు వాడిపోతాయి. కంపెనీల దివాలాకు 2016లో కొత్త చట్టం వచ్చినా, మామూలు వ్యక్తి ఇప్పటికీ 1920 నాటి ప్రావిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కిందే పిటిషన్ వేస్తున్నాడు. ఆ చట్టంలో కనీస అప్పు ఎంతో తెలుసా? 500 రూపాయలు. వందేళ్లు దాటిన అంకె అలాగే ఉంది. పిటిషన్ వేసిన రోజే అప్పులు కొట్టుకుపోతాయన్నది మాత్రం అబద్ధం. కోర్టు దివాలాదారుగా ప్రకటించాలి, ఆస్తి రిసీవరు చేతికి పోవాలి, ఆ తర్వాత విడిగా అడిగి విముక్తి తెచ్చుకోవాలి. పిటిషన్‌కు ముందు రెండేళ్ల లోపు భార్య పేరుకో తమ్ముడి పేరుకో ఉత్తపుణ్యానికి రాసిచ్చిన ఆస్తిని వెనక్కి లాగే అధికారం కోర్టుకుంది. పెట్టేవాడికీ భయపడేవాడికీ ఇద్దరికీ ఇది తెలియదు.

ఇన్ని చట్టాల్లో మన పలకలవాళ్లకు నేరుగా పనికొచ్చేది, ఎవరూ ముట్టుకోనిదీ ఒకటుంది. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం. ఉద్యం నమోదున్న సూక్ష్మ, చిన్న పరిశ్రమ సరుకు తీసుకున్నవాడు, ఒప్పందంలో ఏం రాసుకున్నా 45 రోజులు దాటకుండా డబ్బివ్వాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. బిల్లు అడుగున "మార్కాపురం కోర్టు పరిధికి లోబడి" అని మనం అచ్చేసుకుంటాం. కొన్నవాడు ఒప్పుకున్నాడా, ఈ కోర్టుకు అసలు పరిధి ఉందా అని ఢిల్లీ వకీలు నిలదీస్తే ఆ ముక్క నిలబడొచ్చు, నిలబడకపోవచ్చు. 1970 దాకా మనం కర్నూలు జిల్లాలో ఉన్నాం కాబట్టి, తాతల పెట్టెల్లోని పాత దస్తావేజుల మీద కర్నూలు జిల్లా మార్కాపురం తాలూకా అనే ఉంటుంది. పరిధులు మారడం ఈ ఊరికి కొత్తేమీ కాదు. ఎంఎస్‌ఎంఈ చట్టం ఆ కోర్టు పరిధి గొడవే లేకుండా చేసింది. కొన్నవాడు దేశంలో ఏ మూలనున్నా, అమ్మినవాడున్న చోటి ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కే ఫిర్యాదు వినే అధికారం ఇచ్చింది.

చెబితే పలకల యజమానులు తల ఊపుతారు. ఆపైన "నోటీసిస్తే ఆ పార్టీ మళ్లీ ఆర్డరివ్వదు సార్" అంటారు. ఆ భయంలో న్యాయముంది, నేను కాదనను. అందుకే నోటీసు గురించి మాట్లాడటం మానేసి బిల్లు పుస్తకం గురించి మాట్లాడుతున్నాను. ఉద్యం నంబరు, 45 రోజుల గడువు, సరుకు ఏ క్షణాన కొన్నవాడి పూచీలోకి వెళ్తుందో తెలిపే ఒక్క వాక్యం, ఈ మూడూ బిల్లు మీద అచ్చులో ఉంటే ఎవరికీ కోపం రాదు. అచ్చాఫీసువాడు దీనికి అదనంగా ఏమీ అడగడు కూడా.