సావిత్రి కథలో లేని రెండున్నరేళ్ళు

బ్లడ్ కేన్సర్ గురించి నాకు తెలిసిందంతా సినిమాల్లోంచి వచ్చిందేనని మూడేళ్ళ క్రితం దాకా నాకు తెలీదు. మా ఆయనకి అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా అని తేలిన రోజు, డాక్టరు గదిలోంచి బయటికొస్తూ మావయ్యగారు అన్న మొదటి మాట, "వాడికి చెప్పకమ్మా." నేను తలూపాను. ఎందుకు చెప్పకూడదో అడగలేదు. అది ఎప్పుడో తెలిసిన విషయంలాగే అనిపించింది.

పదకొండు రోజులు "రక్తం తగ్గిందండీ, ఎక్కిస్తున్నారు" అంటూ గడిపాను. పన్నెండో రోజు ఆయనే స్టాండుకి వేలాడే సంచీ మీద మందు పేరు చదివి, ఫోన్లో వెతుక్కుని, "నాకు బ్లడ్ కేన్సరని నీకెప్పుడు తెలిసింది?" అనడిగారు. కోపంగా కాదు. నన్ను చూసి జాలిపడుతున్నట్టు అడిగారు. పదకొండు రోజులు నేనొక్కదాన్నే మోశానని ఆయన బాధ. ఆయన్ని ఒక్కడినే వదిలేశానని నా బాధ.

ఆ పదకొండు రోజులూ నాకెక్కడ నేర్పారో వెతుక్కుంటూ పాత సినిమాలు మళ్ళీ చూశాను.

'ప్రేమాభిషేకం' (1981)లో హీరోకి కేన్సర్ అని తెలియగానే, తనని ప్రేమించిన అమ్మాయి తనని అసహ్యించుకునేలా నాటకమాడతాడు. 'గీతాంజలి' (1989)లో చావు దగ్గరపడ్డ అబ్బాయి ఇల్లు వదిలి ఊటీ వెళ్ళిపోతాడు. 'మాతృదేవోభవ' (1993)లో జబ్బు తల్లిది, కానీ భర్త అప్పటికే చనిపోయి ఉంటాడు. ఆవిడ పిల్లల్ని ఒక్కొక్కరినీ దత్తతకిచ్చుకుంటూ పోతుంది. 'చక్రం' (2005)లో హీరో పెళ్ళిరోజే మాయమవుతాడు. నాలుగూ ఏడిపించే సినిమాలే. నేనూ ఏడ్చాను, ఈసారి కూడా. కానీ వరసగా చూస్తే ఒకటి కనిపిస్తుంది. వైద్యం మొదలయ్యేలోపు భార్యో భర్తో కథలోంచి తప్పుకుంటారు. పెళ్ళి జరగదు, లేదా తోడు ముందే చనిపోతుంది, లేదా రోగి తనంతట తనే పారిపోతాడు. మంచం పక్కన కుర్చీలో కూర్చునే మనిషికి కథలో చోటు లేదు. అందుకే ఈ సినిమాల్లో బ్లడ్ కేన్సర్‌కి ప్రేమ ఉంటుంది, త్యాగం ఉంటుంది, కీమో మాత్రం ఉండదు.

ఇది మన ఒక్కరి అలవాటే కాదు. ఎరిక్ సెగల్ 'లవ్ స్టోరీ' (1970)లో పెళ్ళయిన జంటే ఉంది, అమ్మాయికి లుకేమియా. అక్కడా డాక్టరు ముందు చెప్పేది భర్తకి. సూసన్ సాంటాగ్ 1978లో 'ఇల్‌నెస్ యాజ్ మెటఫర్' రాస్తూ దీన్నే పట్టుకుంది. ఒకప్పుడు కథల్లో క్షయకి ఉన్న అందమైన చావు ఇప్పుడు లుకేమియాకి దక్కిందని ఆవిడ వాదన. కోత లేదు, గడ్డ లేదు. పాలిపోయిన మొహం ఒక్కటే. కెమెరాకి అంతకన్నా ఏం కావాలి?

2004 డిసెంబరులో సాంటాగ్ లుకేమియాతోనే చనిపోయింది. ఆవిడ కొడుకు డేవిడ్ రీఫ్ 2008లో 'స్విమ్మింగ్ ఇన్ ఎ సీ ఆఫ్ డెత్' రాశాడు. పక్కన కూర్చున్న మనిషి రాసిన పుస్తకం అది. తల్లికి ఆశ కావాలి. కొడుక్కి ఆ ఆశ మీద నమ్మకం లేదు. అయినా ఆవిడ వినాలనుకున్నదే చెబుతూ వచ్చాడు. అది సరైనదేనా అన్న ప్రశ్న పుస్తకమంతా అతన్ని తింటూనే ఉంటుంది. చదివాక నా పదకొండు రోజుల్ని కొంచెం వేరుగా చూశాను. అబద్ధం చెప్పడమే తప్పు అనను. సాంటాగ్‌కి తన జబ్బేంటో తెలుసు, తెలిసే ఆశని ఎంచుకుంది. మా ఆయన్ని ఎవరూ అడగలేదు. అదీ తేడా.

మరి రాయాల్సింది ఏమిటి? నాకు తెలిసింది చెప్తాను. మొదటి నెల ఇండక్షన్. తర్వాత నెలలకొద్దీ కన్సాలిడేషన్. ఆ తర్వాత రెండేళ్ళ పైచిలుకు మెయింటెనెన్స్. మందు జబ్బు కణాలతోపాటు మంచి తెల్లకణాల్నీ చంపుతుంది, కాబట్టి ఆ రోజుల్లో అసలు శత్రువు చిన్న జ్వరం. థర్మామీటరు 100.4 చూపిస్తే అర్ధరాత్రైనా సరే కారు తీయాలి. మాకు అమలాపురం దాకా రైలు కూడా లేదు. రావులపాలెం మీదుగా రాజమండ్రి చేరేదాకా నేను ఆయన నుదుటి మీంచి చెయ్యి తీయలేదు.

కోనసీమలో ఇంకో కష్టం ఉంది. పరామర్శకి వచ్చేవాళ్ళు వట్టి చేతుల్తో రారు. అప్పుడే దింపిన బొండాలు, ఆత్రేయపురం పూతరేకులు, పెరట్లో జాంకాయలు తెస్తారు. కౌంట్లు పడిపోయినప్పుడు ఉడకనిదేదీ పెట్టొద్దన్నారు డాక్టరు. బొండాం వద్దనడం అంటే ఇక్కడ మనిషిని వద్దనడమే. మా పెద్దత్తగారు గుమ్మంలో కొట్టించిన బొండాన్ని నేను తిప్పి పంపితే ఆవిడ నాతో నాలుగు నెలలు మాట్లాడలేదు. ఈ గొడవలో నాటకం ఉంది, ప్రేమ ఉంది, విలన్లెవరూ లేరు. ఏ కథలోనూ నాకిది కనపడలేదు.

నా గురించి అందరూ అన్నమాట ఒకటే: "సావిత్రివమ్మా." మంచి మనసుతోనే అన్నారు. కానీ సావిత్రి కథ ఒకసారి చూడండి. పెళ్ళైన ఏడాదికి సత్యవంతుడు పోతాడని ముందే తెలుసు. చివర్లో మూడు రాత్రుల వ్రతం. ఆ తర్వాత యముడితో మాటలు. ఆవిడ తెలివి గొప్పది, కాదనను. కానీ ఆ కథలో సత్యవంతుడు వాంతి చేసుకోడు. ఊడిన జుట్టు దిండు మీద దొరకదు. స్టెరాయిడ్ల రోజుల్లో అర్ధరాత్రి రెండింటికి పెరుగన్నం కావాలని కేకలెయ్యడు. ఆవిడకి విసుగు రాదు. నాకొచ్చింది. ఒకసారి ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని, ఈయన లేకపోతే నేను పడుకోవచ్చు కదా అనుకున్నాను. సావిత్రి అన్న బిరుదు ఇచ్చాక ఈ మాట ఎవరికి చెప్పుకుంటాం? మా వార్డులోనే భార్యకి గిన్నె పట్టిన ఒకాయన్ని "దేవుడు" అన్నారు. అదే పని చేసిన మాకు అది పుట్టుకతో వచ్చిన డ్యూటీ.

మా ఆయనకిచ్చే మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. దాని కథ మా పక్క నుంచే మొదలైంది. చించినాడ వంతెన దాటి పాలకొల్లు మీదుగా వెళ్తే భీమవరం. ఎల్లాప్రగడ సుబ్బారావు 1895లో పుట్టింది అక్కడే. అమెరికాలో లెడర్లీ కంపెనీలో ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌నే 1947లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకిచ్చాడు. కొంతమందిలో జబ్బు కొన్నాళ్ళు వెనక్కి తగ్గింది. 1948లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి, అదే ఏడాది సుబ్బారావు చనిపోయారు. మెథోట్రెక్సేట్ ఆ అమినోప్టెరిన్‌కి తమ్ముడు. సిద్ధార్థ ముఖర్జీ 'ది ఎంపరర్ ఆఫ్ ఆల్ మలడీస్' (2010)లో ఈ కథంతా బాగా చెప్పాడు. ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరుగా పనిచేసిన సుబ్బారావు అందులో సజీవంగా కనిపిస్తారు.

నేను ఆగిపోయింది మాత్రం శేషగిరి దగ్గర. సుబ్బారావు భార్య ఆవిడ. 1920ల మొదట్లో ఆయన ఓడెక్కినప్పుడు ఆవిడ గర్భవతి. పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. తండ్రి వాడిని చూడనేలేదు, భార్య దగ్గరకి తిరిగి రానూలేదు. ఎన్ని ఇళ్ళల్లోనో భార్యాభర్తల్ని ఇంకొన్నాళ్ళు కలిపి ఉంచిన మందు వెనకాల ఈ ఇల్లుంది. సుబ్బారావుని తక్కువ చేయడానికి చెప్పట్లేదు. ఆయన పేరు వినగానే మనకి ప్రయోగశాల గుర్తొస్తుంది, ఆవిడ ఎదురుచూసిన ఇల్లు గుర్తురాదు. సినిమాలు చేసిందీ ఇదే పని.

కాబట్టి కథలు రాసే మిత్రులకి నాదొక విన్నపం. ఈసారి మీ పాత్రకి బ్లడ్ కేన్సర్ తెస్తే, పక్కన కుర్చీ వేయండి. అందులో ఎవరినైనా కూర్చోబెట్టండి. ఆ మనిషికి కోపం రానివ్వండి, లెక్కలు వేసుకోనివ్వండి, అబద్ధమాడి దొరికిపోనివ్వండి. చివర్లో రోగి బతకాలా పోవాలా మీ ఇష్టం.

ఇప్పుడు మాది మెయింటెనెన్స్. మెథోట్రెక్సేట్ బిళ్ళలు వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణానికే ముప్పు. అందుకే వంటింటి కేలండరులో శనివారాల చుట్టూ ఎర్ర సున్నాలు చుట్టాను. రాత్రి భోజనమయ్యాక నేను బిళ్ళలు లెక్కపెట్టి ఆయన అరచేతిలో పోస్తాను. ఆయన మళ్ళీ లెక్కపెట్టి చూసుకుని మింగుతారు.