వినోదానికీ అంటు వుందా?

యేటా ఏప్రిల్ 14కి ముందు వారం రోజులు మా హాస్టల్లో సినిమాలు వేస్తాం. మెస్ గోడకి తెల్ల దుప్పటి కడతాం, డిపార్టుమెంటు నుంచి ప్రొజెక్టరు అడిగి తెచ్చుకుంటాం. యే సినిమాలు వేయాలో తేల్చడానికి వొక కమిటీ వుంటుంది. పోయిన యేడాది అందులో మేమూ వున్నాం. పేర్లు చెప్పమంటే అందరి నోటా దాదాపు అవే వచ్చాయి: ‘దాసి’, ‘ఒక ఊరి కథ’, ‘ఫాండ్రీ’. మేం ‘అట్టకత్తి’ అన్నాం. కాసేపు యెవరూ మాట్లాడలేదు. తర్వాత వొక తమ్ముడు, మా జిల్లావాడే, మొహమాటపడుతూ అన్నాడు: “అన్నా, అది నవ్వులాట సినిమా గదా. బాబాసాహెబ్ జయంతికి బాగుంటదా?”

ఆ ప్రశ్న అతనొక్కడిది కాదు. సినిమా పిచ్చి వున్నవాళ్లు నలుగురు చేరిన ప్రతిచోటా యీ తగువు నడుస్తూనే వుంటుంది. వొకరు “పొద్దంతా కష్టపడి వచ్చినోడికి మూడు గంటలు నవ్వుకుంటే చాలదా” అంటారు. యింకొకరు “ఆలోచింపజెయ్యనిది సినిమానే కాదు” అంటారు. వినోద సినిమా, సీరియస్ సినిమా, మాస్, క్లాస్. యెవరి జాబితాలు వారివి. రెండు పక్షాలూ కొట్లాడుకునేది తెర మీద వున్నదాని గురించే. తెరకు యివతల యెవరు యెక్కడ కూర్చున్నారు, యెవరు నవ్వుతుంటే యెవరికి నొప్పి పుడుతోంది అన్నది యీ తగువులోకి రాదు. తేలిక, బరువు అనేవి సినిమాకి పుట్టుకతో వచ్చిన గుణాలైనట్టు మాట్లాడతారు. యెవరికి తేలిక, యెవరి మీద బరువు అని అడిగితే గానీ యీ చర్చ ముందుకు సాగదని మా వుద్దేశం.

మా వూరికి ఆరు కిలోమీటర్ల దూరంలో మండల కేంద్రం. అక్కడి థియేటర్లో 1990ల చివర్లో కూడా నేల, బెంచి, కుర్చీ అని మూడు తరగతులుండేవి. గేటు దగ్గర కులం అడగరు, డబ్బులే అడుగుతారు. నిజమే. కాకపోతే కూలి డబ్బుల్లోంచి మిగిల్చిన రూపాయలు మమ్మల్ని ప్రతిసారీ నేల మీదకే తీసుకుపోయేవి. వూరి పిల్లలు బెంచీల మీద నుంచి మా తలల మీదుగా తెరను చూసేవాళ్లు. ఈల మాది, గాలిలోకి విసిరిన కాగితం ముక్కలు మావి. రిలీజుకు ముందురోజు రాత్రి మైదా జిగురు కాచి పోస్టర్లు అంటించింది మా అన్నలు. అభిమాన సంఘం బ్యానరు మీద అధ్యక్షుడి ఫోటో మాత్రం మేడ యింటి అబ్బాయిది. (ఆ మైదా వాసన యిప్పటికీ మాకు సినిమా వాసనే.)

తెలుగు సినిమా చెడిపోయిందని బాధపడేవాళ్లు చాలామంది ఆ నెపం నేల టికెట్టు మీదకే నెట్టారు. నిర్మాత “మాస్ కోసం తీశాం” అంటాడు. విమర్శకుడు “మాస్ వల్ల పాడయింది” అంటాడు. కథ రాసినవాడు నేల నుంచి రాలేదు, పెట్టుబడి పెట్టినవాడు రాలేదు, హీరో వంశం అసలే రాలేదు. అయినా తప్పు మాత్రం నేలదే. ఎస్.వి. శ్రీనివాస్ లాంటి పరిశోధకులు అభిమాన సంఘాల మీద పని చేసేదాకా, చదువుకున్నవాళ్ల రాతల్లో ఆ జనం చాలావరకు వొక రోగలక్షణంగానే కనపడ్డారు.

సినిమాకి పోవడం అనే పని మనకి యెంత తేలికో చుండూరు చెప్పింది. 1991 జూలైలో, అప్పటి గుంటూరు జిల్లాలోని ఆ వూళ్లో, సినిమా హాల్లో వొక దళిత యువకుడి కాలు రెడ్డి యువకుడికి తగిలింది. దళిత యువకుడు చదువుకున్నవాడు. కాలు తగలడం గొడవైంది, గొడవ దాడయింది, దళితుల మీద సాంఘిక బహిష్కరణ వచ్చింది. ఆగస్టు 6న యెనిమిది మంది దళితుల్ని నరికి చంపారు. వెనక యింకా చాలా వున్నాయి: చదువుకున్న దళిత పిల్లలు తల దించకపోవడం వుంది, కూలి కోసం యెవరి గడపా తొక్కక్కర్లేని కుటుంబాలుండడం వుంది. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేస్తే 2014లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. అదంతా వేరే చర్చ. యిక్కడ మాకు కావలసింది ఆ హాలు. నేలా బెంచీ తేడా చెరిగి, చదువుకున్న దళితుడు పక్కపక్కనే కూర్చునే రోజు వచ్చేసరికి, కాలు తగలడమే నేరమైంది. తెర మీద నవ్వుల సినిమా ఆడుతోందా, యేడుపు సినిమా ఆడుతోందా అన్నదానితో పనే లేకపోయింది.

అదే 1991లో ‘మామగారు’ వచ్చింది. కోట శ్రీనివాసరావు, బాబూమోహన్ జంట ఆ సినిమాతో యింటింటికీ చేరింది. అందులో బాబూమోహన్ బిచ్చగాడు. ఆ తర్వాత కొన్నేళ్లపాటు ఆ జంట వున్న సినిమా అంటే కోట తన్నడం, బాబూమోహన్ తన్నించుకోవడం అన్నంతగా అలవాటయింది. మేమూ నవ్వాం. కడుపు పట్టుకుని నవ్వాం. బడిలో యింటర్వెల్లో ఆ ఆట ఆడేవాళ్లం. అందులో తన్నేవాడి వేషం యెప్పుడూ వూరి పిల్లలకే దక్కేదని, మేము తన్నించుకునే వేషమే వేసేవాళ్లమని అప్పుడు తోచలేదు. బాబూమోహన్ 1998లో ఎస్సీ రిజర్వుడు స్థానమైన ఆందోల్ నుంచి శాసనసభకి వెళ్లి, తర్వాత మంత్రి అయినప్పుడు మా వాడలో టపాసులు కాల్చారు. ఆ తర్వాత ఆ సీన్లు టీవీలో వచ్చినప్పుడు మా నాయిన నవ్వలేదు. లేచి బయటికి పోయాడు. ఆ నటుడి ప్రతిభను తక్కువ చేయడానికి యిది చెప్పడం లేదు. తన్ను పడేముందు ఆయన ముఖంలో కనపడే ఆ అమాయకపు ఆశ చాలామంది హీరోలు తమ మొత్తం జీవితంలో చూపించలేనిది. అయితే తేలికపాటి వినోదం యెవరి వీపు మీద నడిచిందన్నది అడగకుండా “నవ్వుకుంటే చాలదా” అనేవాళ్లతో మేం గొంతు కలపలేం.

మరి అవతలి పక్షం? సీరియస్ అంటే యేమిటో తెలుగులో అందరూ మొదట చూపించేది ‘శంకరాభరణం’ (1980). ఆ సినిమాకి కేంద్ర ప్రభుత్వం యిచ్చిన జాతీయ అవార్డు జనరంజక వినోద చిత్రం విభాగంలోది. అంటే ప్రభుత్వం లెక్కలో అది వినోదం. దాన్ని వినోదం అనడానికి మన పెద్దలకు నోరు రాదు, యెందుకంటే అందులో వున్నది శాస్త్రీయ సంగీతం. శాస్త్రీయమైతే వినోదం కూడా గంభీరమవుతుంది, డప్పు అయితే విషాదం కూడా గోల అవుతుంది. మరుసటి యేడాదే అదే దర్శకుడు ‘సప్తపది’లో దళిత యువకుడికి చోటిచ్చాడు. చేతిలో వేణువు పెట్టి మరీ యిచ్చాడు. డప్పు కొట్టేవాడై వుంటే ఆ అగ్రహారపు తాత అంత సులువుగా మనవరాలిని పంపేవాడా?

సమాంతర సినిమా వాళ్లు యింతకంటే నిజాయితీపరులు. మృణాల్ సేన్ ‘ఒక ఊరి కథ’ (1977) ప్రేమ్‌చంద్ ‘కఫన్’ ఆధారంగా తీసింది. కోడలు పురిటి నొప్పులతో చచ్చిపోతే శవం మీద గుడ్డకి అడుక్కున్న డబ్బుతో తాగే తండ్రీకొడుకుల కథ. మూలకథలో వాళ్లు చమార్లు. దళితుల్ని సోమరులుగా, మనసు లేనివాళ్లుగా చూపించారని హిందీ దళిత రచయితలు ఆ కథ మీద పెద్ద తగువే పెట్టారు. సేన్ వెంకయ్య చేత పని చెయ్యకపోవడాన్ని వొక సిద్ధాంతంగా చెప్పించాడు, చేసిన కష్టమంతా దొరకే పోయేటప్పుడు చేసేవాడే తెలివితక్కువవాడని. ఆ సినిమాను మేం తోసిపుచ్చడం లేదు. బి. నర్సింగరావు ‘దాసి’ (1988)ని అసలే కాదు. గడీ లోపలి ఆ మౌనాన్ని అంత వోపికగా పట్టుకున్న సినిమా తెలుగులో మరొకటి లేదు. కానీ సెలవుల్లో యింటికి పోయినప్పుడు ‘దాసి’ని మా అమ్మకి లాప్‌టాప్‌లో చూపించాం. చివరిదాకా చూసింది. చూసి, “యిది మాకు తెలిసిందే గదా బిడ్డా. యెవరికి చూపియ్యనీకె తీసిన్రు?” అన్నది. తర్వాత యేదన్నా నవ్వొచ్చేది పెట్టమంది.

మేం యీ మాటను చాలా రోజులు మోశాం. మొదట్లో అమ్మకి కళాదృష్టి లేదనుకున్నాం. యూనివర్సిటీ మాకు నేర్పిన మొదటి పాపం అదే అనుకుంటాం. అమ్మ అడిగింది కళ గురించి కాదు, యెదురుగా కూర్చున్న ప్రేక్షకుడి గురించి. మన బాధను తెలియనివాళ్లకు తెలియజెప్పే సినిమా సీరియస్ సినిమా అయింది. బాధపడేవాడు అక్కడ ప్రేక్షకుడు కాడు, వస్తువు. తేలిక సినిమా మనల్ని తన్ని నవ్వించింది, బరువు సినిమా మన యేడుపును మర్యాదగా చూపించింది. మనం మనలో మనం వేసుకునే యెకసెక్కం, నాట్లప్పుడు దొర మీద కట్టే పాట, పెళ్లిలో మామను యేడిపించే మాట రెండిటిలోనూ అరుదే.

నాగరాజ్ మంజులే ‘ఫాండ్రీ’ (2013) మరాఠీలో యీ గుట్టు విప్పింది. అది సీరియస్ సినిమా అని అందరూ వొప్పుకుంటారు గానీ, అందులో కైకాడీ కుర్రాడు జబ్యాకి కావలసినవన్నీ తేలికపాటివి: జీన్స్ ప్యాంటు, నల్ల పిట్ట, క్లాసులో అమ్మాయి చూపు. చివర్లో ఆ కుటుంబం పంది పట్టాలి. వూరు గట్టు మీద చేరి నవ్వుతుంటుంది. వూరికి అది వినోదం, వుచితంగా దొరికిన కామెడీ. నడుమ బడిలో జాతీయ గీతం మొదలైతే తరుముతున్నవాళ్లు తరుముతున్నచోటే నిలబడిపోతారు. హాల్లో మనకీ నవ్వొస్తుంది, వచ్చాక సిగ్గేస్తుంది. ఆఖరికి జబ్యా విసిరిన రాయి నేరుగా మన ముఖం మీదకి వస్తుంది. శ్యామ్ బెనెగల్ ‘అంకుర్’ (1974) చివర్లో కూడా వొక పిల్లవాడు భూస్వామి కిటికీ మీద రాయి వేస్తాడు. ఆ రాయికి కాగడా పట్టి చప్పట్లు కొట్టిన విమర్శకులు యీ రాయి దగ్గర ముఖం పక్కకు తిప్పుకోవాల్సి వచ్చింది, యెందుకంటే అది నవ్వుతున్న ప్రేక్షకుడి మీదకి వచ్చింది.

‘అట్టకత్తి’ (2012)కి రాయి కూడా లేదు. పా. రంజిత్ మొదటి తమిళ సినిమా. మద్రాసు శివారు వూరి కుర్రాడు బస్సుల్లో అమ్మాయిల వెంట పడతాడు, సినిమా ప్రేమికుడిలా వుండబోయి ప్రతిసారీ అభాసుపాలవుతాడు. అంతే కథ. కులం పేరు యెత్తరు. వాడ మాత్రం వాడలాగే వుంటుంది: యిరుకు యిళ్లు, తాగొచ్చి అరిచే నాయిన, గానా పాట. యెవడూ యెవడి దయ కోసమూ యెదురుచూడడు. వాడి పరువు పోయినప్పుడు మనం నవ్వుతాం గానీ ఆ నవ్వుకి కారణం వాడి కులం కాదు, వాడి వెర్రి. తర్వాత అదే రంజిత్ ‘కాలా’ (2018)లో రజనీకాంత్‌ని ధారావి జనం మధ్య నిలబెట్టినప్పుడు మనం గర్వపడ్డాం, పడాలి కూడా. 2020లో మన తెలుగులో వచ్చిన ‘పలాస 1978’ కూడా మన చేతికి కోపాన్ని యిచ్చింది. అయినా ‘అట్టకత్తి’ లాంటిది తెలుగులో మాకు కనపడలేదు. (అందులో లోపం లేదని కాదు; ఆడపిల్లలు మగపిల్లల కళ్లలోంచే కనపడతారు. వాడ ఆడపిల్ల వెర్రివేషాల మీద సినిమా యెప్పుడొస్తుందో.)

కమిటీలో రాజీ కుదిరింది. ఏప్రిల్ 13 రాత్రి, ‘ఫాండ్రీ’ అయ్యాక ‘అట్టకత్తి’. సగం మంది వెళ్లిపోతారనుకున్నాం, వెళ్లలేదు. మెస్‌లో పనిచేసే అక్కలు గిన్నెలు తోమడం అయ్యాక వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. సబ్‌టైటిళ్లు యింగ్లీషులో వుంటే మేం పక్కన నిలబడి గట్టిగా తెలుగు చేసి చెప్పాం. మేం చెప్పకముందే నవ్వారు చాలాచోట్ల. అభ్యంతరం చెప్పిన తమ్ముడు కూడా మొదటి వరసలో కూర్చుని నవ్వాడు. అయిపోయాక దుప్పటి విప్పుతుంటే దగ్గరికొచ్చి అన్నాడు: “మంచిగుంది అన్నా. గానీ జయంతికి వీళ్లు యిది చూస్తున్నరా అని బయటోళ్లు యేమనుకుంటరో.”

బయటోళ్లంటే యెవరు తమ్మీ అని అడిగాం. కాసేపు ఆలోచించి, కుర్చీలు మడత పెట్టడానికి పోయాడు.