కోతకు ముందు ఒక ప్రశ్న

విశాఖ దగ్గరి పరవాడలో ఖాళీ డ్రమ్ము అంటూ ఉండదు. ఫార్మాసిటీ గేటు దాటి బయటికొచ్చిన ఏ డ్రమ్ములోనైనా ఏదో కాస్త మిగిలే ఉంటుంది. వంచితే కారదు, తొంగిచూస్తే కనిపించదు, అయినా ఉంటుంది. అలాంటి డ్రమ్మును నీళ్ల తొట్టికో, చెత్త వేసుకోడానికో కోసిమ్మని షెడ్డుకు తెచ్చేవాళ్లుంటారు. ఒకప్పుడు ఉలి, సుత్తి పెట్టి కోసేవారు. తరవాత గ్యాస్ కట్టర్ వచ్చింది. ఇప్పుడు చిన్న షెడ్డులో కూడా ప్లాస్మా కటింగ్ మెషీన్ కనిపిస్తోంది.

ఒక లెక్క చెబుతాను. టొలీన్ ఆవిరి గాలిలో నూటికి ఒక పాలు దాటితే చాలు, నిప్పు తగిలిన క్షణంలో పేలుతుంది. 200 లీటర్ల డ్రమ్మును ఆ స్థితికి తీసుకురావడానికి కావలసిన టొలీన్ సుమారు 10 మిల్లీలీటర్లు. అంటే రెండు టీ స్పూన్లు. డ్రమ్ము అంచు మడతలో అంతకంటే ఎక్కువే దాగి ఉండొచ్చు. టొలీన్ 4 డిగ్రీల చలిలోనే మండేంత ఆవిరినిస్తుంది. మన ఎండల్లో ఆ డ్రమ్ము ఆవిరి కోసం ఎదురుచూడాల్సిన పనే లేదు.

ఫ్యాబ్రికేషన్ పనిలో బతికి, ఇప్పుడు అదే పని కుర్రాళ్లకు నేర్పుతున్నవాణ్ని. టార్చ్ పట్టే తీరు, నాజిల్‌కూ ప్లేటుకూ ఉండాల్సిన ఎడం, కోత వేగం, ఇవన్నీ తరవాత నేర్పుతాను. మొదటి రోజు నేర్పేది ఒక ప్రశ్న. ‘ఇందులో ముందు ఏటుండేది?’ డ్రమ్ము తెచ్చినవాడు ‘ఏటీ నేదు బాబూ, కాలీదే’ అంటాడు. ఆ జవాబుతో పని మొదలుపెట్టకూడదు. లేబుల్ చూడాలి, తెచ్చిన చోటు అడగాలి. తెలియకపోతే ‘కోయను’ అని తిప్పి పంపాలి. సాల్వెంటు డ్రమ్మును షెడ్డులో కోయకపోవడమే అన్నిటికంటే మంచి జాగ్రత్త.

ప్లాస్మా మన ప్రాంతానికి ఎందుకింత అవసరమైందో కూడా చెప్పాలి. గ్యాస్ కటింగ్‌లో ఇనుము ఆక్సిజన్‌తో కలిసి కాలిపోతూ తెగుతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ అలా తెగదు. అందులోని క్రోమియం పైన ఒక మొండి పొర కట్టి ఆక్సిజన్‌ను లోపలికి పోనివ్వదు. మందుల కంపెనీల రియాక్టర్లు, పైపులు, ట్యాంకులు చాలావరకు ఎస్ఎస్‌వే. వాటిని వేగంగా కోయాలంటే సన్నని నాజిల్‌లోంచి గాలిని తోసి, దానిలోంచి విద్యుత్తును పంపి, సుమారు 20,000 డిగ్రీల మంటగా మార్చే ప్లాస్మాయే మన షెడ్డులకు దారి. సూర్యుడి ఉపరితలం వేడి 5,500 డిగ్రీల చిల్లర మాత్రమే. అంత శక్తిని చేతిలో ఇమిడే టార్చ్‌లో పట్టుకోవడం మనిషి నేర్చుకున్న గొప్ప విద్యల్లో ఒకటని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. ఆ విద్య మీద గౌరవంతోనే ఇదంతా రాస్తున్నాను.

ప్రశ్న డ్రమ్ముతో ఆగదు. ‘ఇది ఏ లోహం?’ అని కూడా అడగాలి. 316 రకం స్టెయిన్‌లెస్‌లో క్రోమియం 16 నుంచి 18 శాతం ఉంటుంది, నికెల్ 10 శాతానికి పైనే. ప్లాస్మా వేడికి ఆ క్రోమియంలో కొంత షట్‌సంయోజక రూపంలోకి మారి పొగలో లేస్తుంది. అది మనుషులకు క్యాన్సర్ తెచ్చే పదార్థమని ఎప్పుడో తేలింది. వెల్డింగ్ పొగను కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2017లో అదే జాబితాలో చేర్చింది. ముక్కుకు కట్టుకున్న జేబురుమాలు ఈ పొగను ఆపదు. కోసే చోటనే పొగను లాగేసే ఎగ్జాస్టు కావాలి, సరైన ఫిల్టరున్న మాస్కు కావాలి. ఎంఎస్ (మైల్డ్ స్టీల్) కోసినట్టే ఎస్ఎస్‌నూ కోసేవాడికి ఆ రోజు ఏమీ కాదు. ఇరవై ఏళ్ల తరవాత ఆస్పత్రిలో డాక్టరు ఏం పని చేసేవాడివని అడిగినప్పుడు కూడా అతనికి ఈ పొగ గుర్తు రాకపోవచ్చు.

తరవాతి ప్రశ్న ‘దీన్ని దేనితో తుడిచారు?’ జిడ్డు పోవడానికి దొరికిన సాల్వెంటుతో తుడిచే అలవాటు మన దగ్గర ఉంది. అది ఎండీసీ అయితే, అంటే మిథిలీన్ డైక్లోరైడ్ అయితే, ఆర్క్ వేడికీ అతినీలలోహిత కాంతికీ దాని ఆవిరి విరిగి హైడ్రోజన్ క్లోరైడ్, ఫాస్జీన్ పుట్టొచ్చు. ఫాస్జీన్ మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీద వదిలిన వాయువు. తడిసిన ఎండుగడ్డి వాసన వస్తుందంటారు. పీల్చినవాడికి గొంతులో కాస్త మంట పుట్టి తగ్గిపోతుంది. ఇంటికెళ్లి పడుకున్నాక, గంటల తరవాత, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. అందుకే కోత జరిగే దరిదాపుల్లో క్లోరిన్ ఉన్న సాల్వెంటు సీసా కూడా ఉండకూడదు.

ఇక మెషీన్‌నే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ‘నీలో కరెంటు పోయిందా?’ మామూలు వెల్డింగ్ మెషీన్ పని చేయకుండా ఆగి ఉన్నప్పుడు ఇచ్చే వోల్టేజీ సాధారణంగా 100 లోపే. ప్లాస్మాలో అది 250, 300, కొన్నిటిలో 400 వోల్టుల దాకా ఉంటుంది. సముద్రపు ఉక్కకు చొక్కా తడిసి, గ్లౌజు తడిసి ఉన్న మనిషికి ఆ వోల్టేజీ ప్రాణాంతకం. వెల్డింగ్ నుంచి ప్లాస్మాకు మారినవాళ్లు ఈ తేడా గమనించరు. నాజిల్, ఎలక్ట్రోడ్ మార్చేటప్పుడు స్విచ్ కట్టేయకుండానే టార్చ్ తల విప్పుతారు. పైలట్ ఆర్క్ ఉన్న టార్చ్‌కు ప్లేటు తగలనక్కర్లేదు. ట్రిగ్గరు మీద వేలు పడితే చాలు, వెలుగుతుంది. తల సరిగా బిగించకపోతే కరెంటు రాకుండా ఆపే చిన్న స్విచ్చును తయారీదారులు టార్చ్‌లోనే పెడతారు. అది మాటిమాటికీ పని ఆపేస్తోందని వైరుతో షార్ట్ చేసి నడిపిన షెడ్డులు నేను చూశాను. మనిషిని కాపాడడానికి పెట్టిన ఆ స్విచ్చును అక్కడ పనికి అడ్డం కింద లెక్కేశారు.

రిపేరు మరీ జాగ్రత్తగా చేయాలి. ప్లగ్గు పీకినంత మాత్రాన మెషీన్ చల్లారదు. లోపలి కెపాసిటర్లు ఛార్జిని పట్టుకుని ఉంటాయి. మాన్యువల్ చెప్పినన్ని నిమిషాలు ఆగాలి, ఆగాక మీటరు పెట్టి చూడాలి, చూశాకే చేయి పెట్టాలి. మెయిన్ బోర్డుకు తాళం వేసి, తాళం చెవి రిపేరు చేసేవాడి జేబులోనే ఉండాలి. ‘ఆన్ చేయొద్దని చెప్పాను కదా’ అనే మాట తాళానికి బదులు కాదు. మెషీన్ బాగా నడుస్తున్నప్పుడు చుట్టూ హెల్మెట్లు, తెరలు, సూపర్‌వైజర్లు ఉంటారు. చెడిపోయినప్పుడు రిపేరు చేసేవాడు కవరు విప్పి ఒక్కడే కూర్చుంటాడు. అందుకే రిపేరు సమయానికే ఎక్కువ మంది, ఎక్కువ నిబంధనలు ఉండాలని నా పట్టుదల.

రియాక్టరు లోపలికి దిగి కోయాల్సి వస్తే ప్రశ్న గాలి గురించి: ‘లోపల ఊపిరి ఉందా?’ మంటలు రాకుండా రియాక్టర్లలోకి నైట్రోజన్ పంపుతారు. మందమైన ఎస్ఎస్ కోయడానికి నైట్రోజన్, ఆర్గాన్ వాడతారు. వీటికి రంగు లేదు, వాసన లేదు. ఆర్గాన్ గాలికంటే బరువు, అడుగున పేరుకుంటుంది. గాలిలో ఉండాల్సిన ఆక్సిజన్ 21 శాతం. 19.5 కంటే తగ్గితే దిగకూడదు. బాగా తగ్గిన చోట మనిషికి ఆయాసం కూడా రాదు, నేరుగా స్పృహ పోతుంది. పైనున్నవాడు తోటివాణ్ని లాగుదామని దూకుతాడు, అతనూ పడిపోతాడు. మీటరుతో కొలిచి, లోపలికి గాలి తోస్తూ, తాడు కట్టి, మ్యాన్‌హోల్ దగ్గర కదలకుండా ఒక మనిషిని నిలబెట్టాకే దిగాలి.

ఇవన్నీ ఈ నేల మీద ఊహలు కావు. 2020 జూన్ నెలాఖరు రాత్రి పరవాడలోని సాయినార్ లైఫ్ సైన్సెస్‌లో హైడ్రోజన్ సల్ఫైడ్ లీకై ఇద్దరు పోయారు. 2022 డిసెంబరు 26న లారస్ ల్యాబ్స్ యూనిట్‌లో మంటలకు నలుగురు. పక్కనే అచ్యుతాపురంలో 2024 ఆగస్టు 21న ఎసెన్షియాలో సాల్వెంటు కారి, ఆవిరి అంటుకుని 17 మంది. వీటిలో ప్లాస్మా టార్చ్ లేదు. కానీ ఇక్కడ ఎక్కడ కోతకు దిగినా, టార్చ్ వెలిగించేది ఇలాంటి వాయువుల మధ్య, ఇలాంటి ఆవిర్ల మధ్యే.

ప్లాస్మా కోతకు 1957లో అమెరికాలో పేటెంటు పొందిన రాబర్ట్ గేజ్ పనిచేసింది యూనియన్ కార్బైడ్‌లో. 1984 డిసెంబరులో భోపాల్‌ను చంపింది అదే కంపెనీ ఫ్యాక్టరీ. ఆ రాత్రి పైపును అడ్డంగా మూసే బ్లైండ్ ప్లేటు బిగించకుండా పైపులు కడగడం గురించి ఎంత వాదన జరిగిందో ఈ రంగంలో ఉన్నవాళ్లకు తెలుసు. ఆ చావుల తరవాత, 1987లో, అప్పటి మన ఫ్యాక్టరీల చట్టంలో కొత్త సెక్షన్లు చేరాయి. ప్రాణాపాయం ముంచుకొస్తోందని అనుమానం వస్తే యాజమాన్యానికీ ఇన్‌స్పెక్టరుకూ చెప్పే హక్కును 41-హెచ్ కార్మికుడికి ఇచ్చింది. మండే పదార్థం ఉన్న, ఒకప్పుడు ఉండిన ఏ పాత్రనూ తగిన జాగ్రత్త తీసుకోకుండా వేడితో కోయరాదని అదే చట్టంలోని 37వ సెక్షన్ 1948లోనే చెప్పింది. ‘ఒకప్పుడు ఉండిన’ అన్న మాటను చట్టం రాసినవాళ్లు ఊరికే పెట్టలేదు. నేను కుర్రాళ్లకు నేర్పే ప్రశ్న కూడా అదే.

అయితే ఆ ప్రశ్న అడగాల్సినవాడు ఎవరు? ఎక్కువగా, కాంట్రాక్టరు నిన్న సాయంత్రం ఫోన్ చేసి రమ్మన్న కుర్రాడు. రియాక్టరులో నిన్న ఏ బ్యాచ్ నడిచిందో అతనికి తెలియదు. షట్‌డౌన్ గడువు ఎప్పుడో మాత్రం అందరూ చెబుతారు. నిప్పుతో చేసే పనికి ఇచ్చే అనుమతి పత్రం, అంటే హాట్ వర్క్ పర్మిట్ మీద సంతకాలు ఆఫీసులోనే అయిపోతే, అది కాగితంగానే మిగులుతుంది. పర్మిట్ ఇచ్చే అధికారి కోసే చోటికి నడిచి రావాలి. మీటరు రీడింగు కోసేవాడి కళ్ల ముందు తీయాలి. 11 మీటర్ల చుట్టూ మండేది ఏదీ లేదని ఇద్దరూ కలిసి చూడాలి. పని ముగిశాక కనీసం గంటసేపు ఫైర్ వాచర్ అక్కడే ఉండాలి. బయటికి పంపే ప్రతి డ్రమ్ము మీదా చివరగా ఉన్న పదార్థం పేరు తెలుగులో రాయాలి.

వీటికి పెద్ద ఖర్చు లేదు, కొంత సమయం పడుతుంది. ఆ సమయం అడిగినవాణ్ని పని ఎగ్గొట్టేవాడని అనడం మన షెడ్డుల్లో ఇంకా పోలేదు. లోపల ఏముందో తెలుసుకోకుండా టార్చ్ వెలిగించినవాడు ఎంత నున్నగా కోసినా, అతనికి పని సగమే వచ్చు. అడిగినవాడే మేస్త్రీ. మన కాంట్రాక్టర్లు కూలి పెంచేటప్పుడు ఆ తేడా చూసిన రోజున, ఈ ప్రశ్నను నేను ప్రత్యేకంగా నేర్పాల్సిన అవసరం ఉండదు.