గోకురాయి తోక

సూరత్ పక్కన కామ్‌రేజ్‌లో చెరకు చేల మధ్య మామిడి తోపు ఏదైనా కనబడితే కాసేపు ఆగి చూడాలి. బొంగురుగా అరుస్తూ పొడుగుతోక పిట్ట కొమ్మకొమ్మకూ దూకుతుంటుంది. గుజరాతీలకు ఖేర్‌ఖట్టో, మనకు గోకురాయి. కాకి కుటుంబానిదంటే చాలామంది నమ్మరు.

నమ్మకపోవడంలో వింతేమీ లేదు. 1790లో శాస్త్రనామం పెట్టిన జాన్ లేథమ్ కూడా దీన్ని పాలపిట్టల సరసన, కొరేసియస్ ప్రజాతిలో చేర్చాడు. కాల్చిన ఇటుక రంగు ఒళ్లు, మసినలుపు తల, రెక్క మీద తెల్లటి మచ్చ చూస్తే ఎవరికి కాకి గుర్తొస్తుంది? ముక్కు దగ్గరకు వస్తే మాత్రం గుట్టు బయటపడుతుంది. బలమైన, కొన వంగిన ముక్కు. దాని మొదట్లో ముక్కు రంధ్రాలను కప్పేసే బిరుసు ఈకలు. అది కాకుల ఇంటి ముద్ర. గోకురాయి ఇప్పుడున్న డెండ్రోసిట్టా ప్రజాతిని 1833లో జాన్ గూల్డ్ ఏర్పరిచాడు.

నన్నడిగితే అసలు పనితనం తోకలో ఉంది. అర మీటరుకు కాస్త అటూఇటూ ఉండే పిట్టలో దాదాపు సగం తోకే. నడిమి ఈకలు అన్నిటికన్నా పొడుగు, పక్కలకు పోయేకొద్దీ మెట్లుమెట్లుగా పొట్టి. నీలిబూడిద రంగు మీద కొసన నల్లంచు. సన్నటి కొమ్మ మీద పండు కోసం వంగినా, పరాయి గూటిలో గుడ్ల కోసం తొంగిచూసినా (దొంగబుద్ధిలో కాకికి తీసిపోదు) ఆ తోకే తూకం.

పాకిస్తాన్ నుంచి భారతదేశమంతా, అటు మయన్మార్, థాయ్‌లాండ్, లావోస్ దాకా ఉంది, శ్రీలంకలో లేదు. ఇంత మేర ఉన్న పిట్ట అంతటా ఒకేలా ఉండదు. వాయవ్యంలో ఒంటిరంగు పాలిపోతుంది. నైరుతి తీరాన ఆకారం చిన్నది, అందుకే ఆ ఉపజాతి పేరు పార్వులా, అంటే చిన్నది అని. మన తూర్పు కనుమల రూపానికి 1930లో కినియర్, విస్లర్ వెర్నేయి అని పేరుపెట్టారు. ఆ కొండల పక్షుల సర్వేకు డబ్బిచ్చిన ఆర్థర్ వెర్నే గౌరవార్థం. నల్లమల పేరో, పాపికొండల పేరో పెట్టి ఉంటే బాగుండేది.

ఈ రూపాల మధ్య గట్టు వేసినట్టు హద్దులుండవు, ఒకటి మరొకదానిలో కలిసిపోతుంది. కామ్‌రేజ్ తోపులోని పిట్టది ఏ ఉపజాతో దుర్భిణితో చూసి తేల్చలేం. మ్యూజియం సొరుగుల్లోని చర్మాలను వరసగా పరిచి, రెక్కలు కొలిచి, ఛాయలు పోల్చాల్సిందే.